చేయి ముందు మేలుకుంది



1986 ఆగస్టు వరదలో గోదావరి లంకలో ఉన్న మా ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. నీరు తీశాక తిరిగొచ్చి భోషాణం తెరిస్తే పుస్తకాలన్నీ ఒండ్రుముద్దలు. మా నాన్న వాటిని నులకమంచం మీద పరిచి కాగితం కాగితం విడదీస్తుంటే సగం చేతిలోనే చిరిగిపోయాయి. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. ఆవిడ అరుగు మీద తడిసిన బియ్యం ఆరబోస్తూ గజేంద్రమోక్షం ఎత్తుకుని చివరిదాకా చెప్పింది. హరికథల్లో విని విని నేర్చుకున్నదట. భోషాణంలో పోయిన భాగవతం కొంతైనా ఆవిడ గొంతులో మిగిలింది. అప్పుడు నాకది వింతగా తోచలేదు. చాలా ఏళ్ళకు రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారన్‌హీట్ 451’ చదువుతూ, ఒక్కొక్కరు ఒక్కొక్క పుస్తకాన్ని కంఠస్థం చేసుకుని రైలుపట్టాల వెంట బతుకుతున్న మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ అరుగు గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. అందుకే ఈనాటి సభ ఆ నవలను చర్చకు తీసుకుందని తెలిసినప్పుడు సంతోషంగా ఒప్పుకున్నాను.

1953లో వచ్చిన ఆ నవలలో ఫైరింజన్ పని మంటలార్పడం కాదు, పుస్తకాలున్న ఇళ్ళకు నిప్పు పెట్టడం. గై మాంటాగ్‌ది ఆ ఉద్యోగం. ఇష్టంగానే చేస్తుంటాడు, కిరసనాయిలు వాసన అతనికి అత్తరు. ఇలాంటివాణ్ణి పుస్తకాలు మార్చాయని మనం తేలిగ్గా అనేస్తాం. కాని అతను పుస్తకం తెరవకముందే కదిలిపోయాడు. పక్కింటి పిల్ల క్లారిస్, నువ్వు సంతోషంగా ఉన్నావా అని అడిగి వెళ్ళిపోతుంది. ఇంట్లోకి వెళితే భార్య మిల్డ్రెడ్ నిద్రమాత్రలు మింగి పడి ఉంటుంది. ఆ తర్వాత ఒక ముసలావిడ ఇంటిమీదికి పోతారు. పుస్తకాలు వదిలి రానని ఆవిడ అగ్గిపుల్ల తానే గీసుకుని వాటితోపాటు కాలిపోతుంది. అంతకు కాసేపటి ముందు ఆ ఇంట్లోనే మాంటాగ్ చేయి ఒక పుస్తకాన్ని చంకలో దాచింది. అవును, చేయి దాచింది. ఆ దొంగతనం మాంటాగ్ చేసినట్టు బ్రాడ్‌బరీ రాయడు, అతని చేయి తనంత తానే చేసిందంటాడు. బుద్ధి ఇంకా కొలువులోనే ఉంది, చేయి ముందు మేలుకుంది. నవల మొత్తంలో నాకు అన్నిటికన్నా నిజంగా అనిపించే చోటు ఇదే. నేరంలో మునిగిన చేతికే మొదటి పశ్చాత్తాపం కలగడం చిన్న సంగతి కాదు.

మాంటాగ్ పై అధికారి బీటీ సంగతి ఇంతకన్నా కలత పెడుతుంది. అతను బాగా చదువుకున్నవాడు. ఏ గ్రంథంలో మాటనైనా అప్పజెప్పగలడు. పైగా మాంటాగ్‌కు అతను చెప్పే చరిత్రలో నిషేధం సర్కారుతో మొదలుకాదు. ఇది వీళ్ళకు నచ్చదు, అది వాళ్ళకు నొప్పి అంటూ జనమే ఒక్కో పేజీ వదులుకుంటూ పోయారు, నిప్పు చివర్లో వచ్చింది అంటాడు. అక్షరం తెలిసినవాడే అక్షరానికి శత్రువు కాగలడని మన రాజమండ్రి చరిత్రలోనూ ఒక ఘట్టం చెబుతోంది. ఈ ఊళ్ళో నిలబడి దాన్ని దాటేసి పోలేను.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరులో ఇక్కడే వితంతు వివాహం జరిపించిన మహనీయులు. ఆయన్ను బీటీ పక్కన నిలబెడితే నా నాలుక నన్ను క్షమించదు. అయితే తంజావూరు ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను ఆయన తన ‘ఆంధ్ర కవుల చరిత్రము’లో అశ్లీలమని తీసిపారేశారు. స్త్రీ అలా రాయవచ్చునా అన్నది ఆయన బాధ. అప్పటికే అచ్చయిన ప్రతిలో ముద్దుపళని తన వంశాన్ని చెప్పుకున్న అవతారికను కూడా దాన్ని ప్రచురించినవాళ్ళు ఎత్తేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ ప్రతి చదివి ఊరుకోలేదు. రాతప్రతి సంపాదించి, సరిచూసి, 1910లో వావిళ్ళవారి ద్వారా సమగ్రంగా వేయించింది. పంతులుగారు స్వయంగా పరిష్కరించిన ‘వైజయంతీ విలాసము’లో ఉన్న శృంగారం మాటేమిటని పీఠికలో నిలదీసింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధాని కావలసి వచ్చింది. ఆయన ఒకప్పుడు ఈ ఊరికి మునిసిపల్ ఛైర్మన్. పుస్తకాన్ని కాదన్నదీ, దాని సంకెల విప్పిందీ గోదావరి నీళ్ళు తాగినవాళ్ళే.

నాగరత్నమ్మకూ మాంటాగ్‌కూ పోలిక ఎక్కడంటే, ఇద్దరూ తమకిచ్చిన ప్రతితో తృప్తిపడలేదు. తేడా కూడా చెప్పాలి. ఆమె చేతికి మసి లేదు. మాంటాగ్ చేతికి ఉంది. అందుకే అతని దారి ఎక్కువ దూరం. సొంత ఇల్లు కాల్చాలి, బీటీని చంపాలి, వేటకుక్కలా తరిమే యంత్రం నుంచి తప్పించుకుని ఏట్లో పడాలి. నది అతణ్ణి మోసుకుపోయి అవతలి గట్టున దించుతుంది.

ఆ గట్టున కనిపించే, పుస్తకాలు కంఠస్థం చేసుకున్న మనుషుల్లాంటి వాళ్ళు మనకూ ఉన్నారు. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఇక్కడికి వచ్చినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ఆయన ఉపన్యాసాన్ని తెలుగు చేసి, ఆశువుగా ఒక పద్యం చెప్పారు. కంటిచూపు సరిగా లేని కవి చెప్పిన నాలుగు పాదాలు కాగితం కోసం ఎదురుచూడకుండా నోటినుంచి నోటికి జిల్లాలు దాటాయి. గరిమెళ్ళ సత్యనారాయణను జైలుకు పంపగలిగారు గాని ‘మాకొద్దీ తెల్లదొరతనము’ను పంపలేకపోయారు. పాటను జప్తు చెయ్యడానికి ఎన్ని గొంతులని సోదా చేస్తారు?

అయితే కంఠస్థం చెయ్యడమే గొప్ప అని నేననడం లేదు. కోనసీమ ఘనాపాఠీల ధారణాశక్తికి చేతులెత్తి మొక్కుతాను. వాళ్ళ నోట ఒక్క స్వరం జారదు. కాని ఆ విద్యను వినడానికే అర్హత లేదనిపించుకున్న జనం కూడా ఇదే నేలమీద ఉన్నారు. వాళ్ళ గుడిసెల్లోని బతుకును నవలగా చెప్పిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని తెల్లప్రభుత్వం నిషేధించింది. వాళ్ళు వినకూడదన్న కట్టడి ఒకటి, వాళ్ళ గురించి చదవకూడదన్న కట్టడి ఇంకొకటి. బ్రాడ్‌బరీ నవలలో పుస్తకాలు కంఠస్థం చేసుకున్న ఆ గ్రేంజర్ బృందం నాకు ఇక్కడే ఎక్కువ ఆత్మీయంగా కనిపిస్తుంది. అడిగినవాళ్ళకు చెప్పడం కోసమే వాళ్ళు నేర్చుకున్నారు. మా నాయనమ్మ కూడా అంతే, అరుగు దగ్గర ఎవరు ఆగినా పద్యం వినిపించేది.

పత్రాలు చదవబోయే పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. మాంటాగ్‌ను వీరుణ్ణి చేసే తొందరలో నవల చివర్లోని ఒక చిన్న సంగతి వదిలెయ్యకండి. మొదట్లో అతను భార్యను అడుగుతాడు, మనం మొట్టమొదట ఎక్కడ కలుసుకున్నామని. ఇద్దరికీ గుర్తుండదు. ఏటి అవతల, తన నగరం మీద బాంబులు పడుతుండగా, మిల్డ్రెడ్ ఆ నగరంలోనే ఉండగా, నేల మీద బోర్లా పడుకున్న అతనికి జవాబు తడుతుంది: షికాగో. అతను చదివిన బైబిల్ వాక్యాలు ఆ తర్వాతే ఒక్కొక్కటిగా వస్తాయి.