సన్నసెగ వంట

(స్త్రీల కార్యక్రమములో ప్రసారమైన ప్రసంగ పాఠము)



పొయ్యి వెలిగించుట సులభము. పొయ్యి దగ్గర నిలుచుటయే కష్టము. వంట యనగా కడుగుట, తరుగుట, పోపు పెట్టుట మాత్రమే కాదు. అన్నము పొంగునేమో, పప్పు అడుగంటునేమో, పాలు పొర్లునేమో అని కాచుకొని యుండుటయు వంటలో భాగమే. ఈ కావలి పనిని ఎవరును లెక్కలోనికి తీసికొనరు. ఇంటి జమాఖర్చుల పుస్తకములో బియ్యమునకు, నూనెకు, గ్యాసునకు పద్దులు గలవు గాని, గృహిణి పొయ్యి ముందర గడపిన గంటలకు పద్దు లేదు. నేటి మా ప్రసంగము ఆ గంటలను గూర్చియే. వానిలో కొన్నింటినైనను ఆమెకు తిరిగి యిచ్చు ఉపాయమొకటి గలదు. అది సన్నసెగ.

ఈ ఉపాయము మనకు కొత్తది కాదు. మా బాల్యమున అమ్మమ్మగారి పెరటిలో దాలి యుండెడిది. నేలలో చిన్న గుంట. అందులో పిడకలు పేర్చి నిప్పు రాజేసి, పైన పాలకుండ నుంచి మూత వేసెడివారు. ఆ పిడకలు భగ్గున మండవు. నివురుగప్పి, లోలోపల కాలుచు, గంటల తరబడి వేడి నిచ్చును. అమ్మమ్మగారు ఉదయము కుండ పెట్టి పొలమునకు పోయి, ఎండ వాలిన పిమ్మట వచ్చి చూచునప్పటికి పాలు ఎర్రబారి, దళసరి మీగడ కట్టి యుండెడివి. పొంగుటయు లేదు, మాడుటయు లేదు. ఆమె ఇంట లేని ఆ వేళ యంతయు దాలియే ఆమె పనిని చేసెడిది.

పాలకు దాలి యెట్లో, పులుసునకు రాచ్చిప్ప అట్లు. బరువైన ఆ రాతిపాత్రను పొయ్యిపైనుండి దింపిన తరువాత కూడ అందులోని పులుసు కొంతసేపు కుతకుతలాడుచునే యుండును. రాయి పీల్చుకొన్న వేడిని మెల్లమెల్లగా విడుచుటయే దీనికి కారణము. హైదరాబాదులో రంజాను మాసమున వండెడు హలీము కూడ సన్నసెగ వంటయే. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ వంటకమునకు గోధుమలు, మాంసము గంటల తరబడి భట్టీపై ఉడుకవలెను. అయితే దానిని కర్రలతో మెదుపుచు మనుష్యులు నిలువవలసి యుండును. అది సన్నసెగ వంటయే గాని, కావలి వంట. మనకిప్పుడు కావలసినది కావలి లేని వంట.

ఆ దిశగా ఆలోచించిన వారిలో వంగదేశీయుడగు ఇందుమాధవ మల్లిక్ ఒకరు. ఆయన 1910లో ‘ఇక్మిక్ కుక్కరు’ను రూపొందించెను. క్యారియరు గిన్నెలవలె ఒకదానిపై నొకటి అమర్చిన పాత్రలలో అన్నము, పప్పు, కూర ఉంచి, వానిని పొడవైన డబ్బాలోనికి దించి, అడుగున బొగ్గుల నిప్పు పెట్టిన చాలును. మనిషి తన పని చూచుకొని వచ్చునప్పటికి భోజనము సిద్ధము.

నేడు బజారులో దొరకు స్లో కుక్కరు అను విద్యుత్ పాత్ర మరియొక దారిని వచ్చినది. చికాగో నగరవాసి ఇర్వింగ్ నాక్సన్ దానికి 1940లో పేటెంటు పొందెను. ఆయన తల్లి చిన్ననాట లిథువేనియాలోని విల్నా పట్టణములో చూచిన వంటయే దానికి మూలము. యూదులు శనివారమును విశ్రాంతి దినముగా పాటించి ఆ దినమున నిప్పు రాజేయరు. కావున శుక్రవారము సాయంకాలముననే చిక్కుడు గింజలు, దుంపలు, మాంసము ఒక కుండలో వేసి రొట్టెల భట్టీకి పంపెడివారు. చల్లారుచున్న భట్టీలో మిగిలిన వేడికే అది రాత్రియంతయు ఉడికి, మరునాటికి ‘చోలెంట్’ అను వంటకమయ్యెడిది. నాక్సన్ పాత్రను 1971లో రైవల్ సంస్థ ‘క్రాక్ పాట్’ అను పేర విపణిలోనికి తెచ్చినది. మా అమ్మమ్మగారి దాలికిని ఆ విల్నా భట్టీకిని ఎంత పోలిక!

ఇక ఈ పాత్ర పనిచేయు తీరును చూతము. నీరు 100 డిగ్రీల వేడివద్ద మరగును. మరగు నీటి క్రింద మంట ఎంత పెంచినను వేడి అంతకు మించదు. ఎక్కువైన మంట యంతయు ఆవిరియై పోవును. కాబట్టి ఒకమారు వేడెక్కిన కుండకు కావలసినది, పోయిన వేడిని పూడ్చునంత సెగ మాత్రమే. ప్రెషరు కుక్కరు ఆవిరిని బంధించి, వేడిని సుమారు 120 డిగ్రీలకు పెంచి, కాలమును తగ్గించును. స్లో కుక్కరు దీనికి ఎదురు దారిని పోవును. వేడిని మరుగు స్థానమునకు దిగువనే నిలిపి, కాలమును పొడిగించును. మొదటిది విజిళ్లు లెక్కించుటకు మనిషిని దగ్గర నుండుమనును, రెండవది పొమ్మనును.

విద్యుత్తుతో వేడెక్కు తొడుగు, అందులో ఇమిడిన బరువైన పింగాణి కుండ, పైన గాజు మూత. పరికరమంతయు ఇంతియే. 3, 4 లీటర్ల పాత్రకు సాధారణముగా 150 నుండి 250 వాట్లు చాలును. 200 వాట్ల పాత్ర ఎడతెగక 8 గంటలు నడచినను 1.6 యూనిట్లకు మించి ఖర్చు కాదు. అయినను, ప్రెషరు కుక్కరులో గ్యాసుపై వండిన పప్పుకంటె ఇది చౌక యని మేము చెప్పము. దీనివలన మిగులునది కాలము.

ఇప్పుడు వంటకు వత్తము. మేము తొలిసారి చేసిన పొరపాటును ముందుగ చెప్పుట మేలు. ఉదయము కందిపప్పు, చల్లని నీరు, ఉప్పు, చింతపండు పులుసు అన్నియు ఒక్కసారే కుండలో పోసి, మూత వేసి, నిశ్చింతగ బయటికి పోతిమి. సాయంకాలము వచ్చి చూడగా పులుసు వేడిగా నున్నది గాని, పప్పు గింజ గింజగానే యున్నది. ఆ రాత్రి ఇంటిల్లిపాదియు పెరుగన్నముతో సరిపెట్టుకొనిరి. పులుపు తగిలిన పప్పు మెత్తబడదను సంగతిని మేము మరచితిమి. నిప్పు మారినను పప్పు స్వభావము మారదు గదా!

అయిదుగురు గల కుటుంబమునకు పప్పు ఇట్లు చేయవలెను. ఒక గ్లాసు కందిపప్పును రాత్రియే నానబెట్టుడు. సొరకాయను తరిగి మూతగల గిన్నెలో ఉంచి, ఫ్రిజ్ లో పెట్టుడు. ఉదయము పప్పు నీరు వంచి, పప్పును, సొరకాయ ముక్కలను కుండలో వేసి, సలసల మరగిన నీరు 3 గ్లాసులు పోయుడు. పసుపు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక చెంచా నూనె చేర్చి మూత పెట్టుడు. ఉదయపు పని 10 నిమిషములకు మించదు. తక్కువ సెగపై 7, 8 గంటలు, ఎక్కువ సెగపై 4 గంటలు ఉడుకనిండు. సాయంకాలము పప్పును గరిటెతో మెదిపి, ఉప్పును, చింతపండు రసమును అప్పుడు మాత్రమే చేర్చి, ఎక్కువ సెగపై మరి అరగంట ఉంచుడు. పోపు మాత్రము పొయ్యిపైననే పెట్టవలెను. ఆవాలు చిటపటలాడుటకు కావలసిన వేడిని ఈ కుండ ఈయజాలదు.

పప్పునకు శత్రువైన ఆ చింతపండే కూరగాయ ముక్కలకు మిత్రము. ముక్కల పులుసులో గుమ్మడి, చిలగడదుంప, ములక్కాడ, ఉల్లి ముక్కలను చింతపండు పులుసులో మొదటినుండియు వేయవచ్చును. పులుపు వలన ముక్కలు త్వరగ చితికిపోక, ఎన్ని గంటలుడికినను ఆకారము నిలుపుకొనును. దుంపల వంటి గట్టి ముక్కలు అడుగున, తక్కినవి పైన ఉండవలెను. ఎక్కువ సెగపై 4 గంటలు చాలును. బెల్లము, వరిపిండి చివర అరగంటలో కలుపవలెను. ఇచట ఆవిరి ఎక్కువగా పోదు గనుక, పొయ్యిపై పోయు నీటిలో మూడింట రెండు వంతులు మాత్రమే పోయుడు.

మాంసాహారుల ఇండ్లలో ఈ కుండకు మరింత ప్రయోజనము గలదు. మేక తొడ, పిక్క భాగములలోని గట్టి నరములు తొందర మంటకు బిగిసికొనును. గంటల తరబడి సన్నసెగను తగిలిన కరగి పులుసులో కలియును. ముప్పావు కిలో మాంసమునకు రెండు ఉల్లిపాయలు, అల్లము వెల్లుల్లి ముద్ద, కారము, ఉప్పు, పసుపు, ధనియాల పొడి, అరగ్లాసు మరగిన నీరు చాలును. ఉల్లిని నూనెలో వేయించి వేసిన రుచి హెచ్చును. తక్కువ సెగపై 8 గంటలు ఉంచుడు. మంచుగడ్డ కట్టిన మాంసమును నేరుగ వేయకుడు. అది వేడెక్కుటకు పట్టు కాలములో సూక్ష్మక్రిములు పెరుగును.

అన్నము, వేపుళ్లు, బెండకాయ, ఆకుకూరల వేపుడు ఈ కుండకు తగవు. వీనిని పొయ్యికే విడుచుట మంచిది.

అన్నింటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి చెప్పవలసి యున్నది. రాజ్మా చిక్కుడు గింజలు నేడు మన ఇండ్లలోనికి విరివిగ వచ్చుచున్నవి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి మన్యములో పండుచునే యున్నవి. ఈ పచ్చి గింజలలో ఒక విధమగు విషపదార్థము గలదు. స్లో కుక్కరు సెగ దానిని నశింపజేయుటకు చాలకపోవచ్చును. సగము ఉడికిన నాలుగైదు గింజలు తిన్నను కొన్ని గంటలలోనే వాంతులు, కడుపునొప్పి కలుగవచ్చును. కావున వానిని రాత్రియంతయు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో పొయ్యిపై పెద్ద మంటమీద 30 నిమిషములు తెర్లగాచి, ఆ పిమ్మటనే కుండలో వేయవలెను. ఈ ఒక్క పనిలో సోమరితనము పనికిరాదు.

వంట జరుగునప్పుడు మూత తీసి చూచు అలవాటును మానవలెను. ఒకసారి మూత తీసిన పోయిన వేడి తిరిగి చేరుటకు 20, 30 నిమిషములు పట్టును. ఇంట ఎవరును లేనప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయినదో తెలియని యెడల, ఆ వంటను తినకుడు. 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ గంటల తరబడి నిలిచిన ఆహారము చూచుటకు బాగున్నను చెడియుండవచ్చును. మిగిలిన కూరను 2 గంటలలోపల చల్లార్చి ఫ్రిజ్ లో ఉంచి, మరునాడు దానిని పొయ్యిపై మరగబెట్టియే వడ్డించవలెను. చల్లని కూరను స్లో కుక్కరులో వేడిచేయరాదు.

కరెంటు నిలకడగా లేని ఊళ్లలో గడ్డిపెట్టె పనికివచ్చును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటన్ లో ఇంధనపు పొదుపునకై దీనిని వాడుకొనిరి. చెక్కపెట్టెలో గాని, పెద్ద గంపలో గాని, ఎండుగడ్డిని అడుగునను చుట్టును జానెడు మందమున దట్టించి, నడుమ పాత్రకు చోటు విడువవలెను. నానిన పప్పును పొయ్యిపై 15 నిమిషములు మరగించి, మూత తీయకుండ ఆ పాత్రను అందులో దించి, పైన దిండు కప్పుడు. పాత్ర నిండుగ నుండవలెను. వెలితి పాత్ర త్వరగ చల్లారును. 3 గంటల తరువాత తీసి, మరల మరగించి వడ్డింపుడు. మాంసమును మాత్రము ఇందులో వండకుండుటయే క్షేమము.

చివరిగా ఒక మాట. పొయ్యి దగ్గర కాచుకొనుటకు అనుభవము కావలెను. నానిన పప్పుపై వేడి నీరు పోసి మూత పెట్టుటకు ఇంటిలో చేయి గలవారెవరైన చాలుదురు. మా ఇంట సోమ, గురు వారములలో ఆ పని ఇంటి యజమానిది; శనివారము పెద్ద పిల్లవానిది. మొదట మరచినారు, ఒకసారి మీట నొక్కకయే పోయినారు. ఇప్పుడు మరువరు. సాయంకాలము 6 గంటలకు పోపు పెట్టువరకు వంటయింటిలో మాకు పని లేదు. ఆ వేళను మేము చాల కాలమునకు వీథి అరుగుపై కూర్చుండి, మా మామగారితో మాటలాడుచు గడపుచున్నాము. ఇన్నేండ్లుగా ఆయన చెప్పదలచిన సంగతులు ఎన్నియో గలవని మాకు ఇప్పుడే తెలిసినది.

శ్రోతలు ఈ రాత్రి ఒక గ్లాసు కందిపప్పును నానబెట్టి చూడగలరు. చింతపండును మాత్రము సాయంకాలము వరకు దూరముగ నుంచుడు.