పక్కవాడి లెక్క
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన లెక్కల మాస్టారు స్లిప్ టెస్టులో ఒక్కో వరసకు ఒక్కో రకం అంకెలు ఇచ్చేవారు, గుర్తుందా? "చూసి రాస్తే పక్కవాడి జవాబు వస్తుంది నాయనా, నీది రాదు" అనేవారు. నేనిప్పుడు కంప్యూటర్ నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ పరీక్షలకు ప్రశ్నలు రాస్తున్నాను. మేం చేసే పనీ దాదాపు అదే.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. అమీర్‌పేటలో గది తీసుకుని కోర్సు చేస్తున్న రోజుల్లో ఒక మిత్రుడు 'డంపులు' ఇచ్చాడు. డంపులంటే పరీక్ష రాసొచ్చినవాళ్లు బయటపెట్టిన అసలు ప్రశ్నలు. బట్టీ పట్టాను, పాసయ్యాను, ఉద్యోగం వచ్చింది. ఒక రాత్రి ఓ ఆస్పత్రిలో నెట్‌వర్క్ ఆగిపోయింది. ల్యాబ్ రిపోర్టులు వార్డుకు చేరడం లేదు. సర్టిఫికెట్ ఉంది కదా అని నన్ను పంపారు. రెండు గంటలు తంటాలు పడ్డాను. చివరికి ఏ సర్టిఫికెట్టూ లేని సీనియర్ వచ్చి పావుగంటలో కనిపెట్టాడు: ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌కు తగిలించి ఉన్నాయి. దాన్నే లూప్ అంటారు. లూప్ మీద ప్రశ్న డంపులో ఉంది. జవాబు 'బి' అని నాకు కంఠతా వచ్చు!

ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

గుర్తింపు కార్డు, ఫొటో, జేబుల తనిఖీ, కెమెరా ఇవన్నీ చీటీలనూ, ఒకరి బదులు ఒకరు రాయడాన్నీ ఆపగలవు. బట్టీ పట్టి వచ్చినవాణ్ని ఆపలేవు. అందుకే ప్రశ్నలు ఎక్కువగా రాసిపెట్టుకుని ఒక్కొక్కరికీ వేరే పేపరు ఇస్తాం. బయటపడ్డ ప్రశ్నను తీసేస్తాం. పేజీడు ప్రశ్నకు అయిదు సెకన్లలో జవాబు పెట్టేస్తుంటే అనుమానిస్తాం. అన్నిటికన్నా గట్టి మందు, పని చేయించి చూడటం. రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్ష అలాంటిదే. సిస్కో సీసీఐఈ ల్యాబ్ పరీక్ష 8 గంటలు సాగుతుంది.

2024లో కేంద్రం తెచ్చిన పరీక్షల అక్రమాల నిరోధక చట్టం యూపీఎస్సీ, రైల్వే వంటి ప్రభుత్వ పరీక్షలకు. మా పరీక్షలకు ఉన్నది అభ్యర్థి ఒప్పుకున్న షరతులే. తప్పితే సర్టిఫికెట్ రద్దవుతుంది.

మన ఊరి పిల్లలు "అన్నా, డంపులుంటే పంపు" అని అడుగుతుంటారు. పంపను. వాటి బదులు బడికి మూడు పాత స్విచ్‌లు తెచ్చాను. పిల్లలూ, తప్పుగా కలపండి, ఆగిపోనివ్వండి, మీరే సరిచేయండి. ఆదివారం ఒక గంట ఫోన్‌లో నేనుంటాను.

మాస్టారూ, ఇన్నాళ్లకు నా లెక్క నేను చేసుకుంటున్నాను. సెలవు.