ఒక్క వేలికి పేను చావదు

(భద్రాచలంలో చేసిన స్మారకోపన్యాసం)



జింబాబ్వేలో షోనా ప్రజలు సామెతను ‘త్సుమో’ అంటారు. వాళ్ల త్సుమోల్లో ఒకటి ‘చారా చిమ్వే హచిత్స్వాన్యి ఇందా’. ఒక్క వేలితో పేను చావదని దాని అర్థం. పిల్లల తలలో పేలు చూసిన అమ్మలకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండు బొటనవేళ్ల గోళ్లు కలిస్తేనే పేను చిట్లుతుంది. మనం ‘ఒక్క చేత్తో చప్పట్లు మోగవు’ అంటాం. చప్పట్లు లేకపోయినా బతుకు సాగుతుంది. పేను చావకపోతే నిద్ర పట్టదు. షోనా మాట అవసరంలోంచి పుట్టింది.

దాని వెనుక ‘న్హింబే’ అనే పద్ధతి ఉంది. కలుపుకో కోతకో మనుషులు కావలసిన ఇంటివారు ధాన్యంతో బీరు కాచి ఇరుగుపొరుగును పిలుస్తారు. డబ్బు కూలి లేదు. ఇవాళ నా చేనికి నువ్వొస్తే రేపు నీ చేనికి నేనొస్తాను.

మన మన్యం దీనికి మరో పాఠం కలిపింది. ఈ సభ స్మరించుకుంటున్న మాస్టారు గూడెం బడికి వచ్చిన మొదటి వేసవిలో పిల్లలకు మామిడికాయలు కోసిస్తే ఒక్కరూ తీసుకోలేదట. ‘కొత్త పండుగ కాలేదు సార్’ అన్నారట. ఉద్యోగంలో తాను నేర్చుకున్న మొదటి పాఠం అదేనని చెప్పేవారు. చెట్టు నిండా కాయలున్నా, ఊరంతా కలిసి దేవతకు పెట్టేదాకా ఎవరూ నోట పెట్టరు. ఈలోగా టెంక ముదురుతుంది, అడవికి విత్తనం మిగులుతుంది. కండబలమున్నవాడు ముందే దులుపుకుపోతే ముసలివాళ్లకు ఏం మిగులుతుంది? షోనా సామెత కలిసి చేయమంటుంది, కొత్త పండుగ కలిసి ఆగమంటుంది. ఆగడం మరీ కష్టం.

ఇలా కలిసి నడిచే ఊరినే నమ్మి 2006 అటవీ హక్కుల చట్టం హక్కుల నిర్ణయాన్ని గ్రామసభతో మొదలుపెట్టింది. ఊరు ఒక్కటిగా కూర్చుంటుందన్న నమ్మకం మీదే అది నిలిచింది. కానీ అలాంటి ఊళ్లే ఇప్పుడు చెదురుతున్నాయి. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు కోసం ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ముంపు ఊళ్లను లేపినప్పుడు ఇంటికీ పొలానికీ వెల కడతారు. చెట్టుకింద కలిసి ఆగిన ఇరుగుపొరుగుకు వెల కట్టే పద్దు లేదు. పొరుగు చెదిరితే సామెతకు ఊరుండదు.

ఊరు చెదిరినా మాట నిలవాలంటే రాసిపెట్టుకోవాలి. తెలుగు సామెతలను 1868లోనే కార్ దొర అచ్చు వేయించాడు. షోనా సామెతలను హముత్యినెయి, ప్లాంగర్ 1974లో ‘త్సుమో-షుమో’గా తెచ్చారు. 2011 జనాభా లెక్కల్లో మన గూడేల కోయ భాషను మాతృభాషగా చెప్పినవారు 4 లక్షల పైచిలుకు. వాళ్ల పెద్దల మాటలు ఎక్కువగా నోటిమీదే ఉన్నాయి.

ఈ సభలోని యువతను ఒక్కటే అడుగుతున్నాను. వచ్చే మామిడి కొత్త పండుగకు ముందు, అందరూ ఆగి ఉన్న ఆ రోజుల్లో, మీ తాత పక్కన నోటుపుస్తకంతో కూర్చోండి. ఆయన కోయలో చెప్పిన మాటను కోయలోనే, తెలుగు లిపిలో రాయండి. చెప్పే నోరొకటి, రాసే చేయొకటి. ఈ పనికీ ఇద్దరు కావాలి.