గీసిన చేయి, కుట్టిన చేయి

కలకత్తా దక్షిణపు శివార్లలోని జోకాలో, గురుసదయ్ దత్తు పోగుచేసిన జానపద కళావస్తువుల నడుమ ఒక పాత కంథ ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దిలో మానదాసుందరీ దాసి అనే స్త్రీ దానిని కుట్టినది. తెల్లని పాతబట్టల పొరల మీద పద్మం, లతలు, సిపాయీలు, తెల్లదొరలు కనిపించుదురు. వానితోబాటు దారంతోనే వ్రాసిన కొన్ని అక్షరాలు కూడా ఉన్నవి. ఆ అక్షరాలను బట్టి తెలియునది ఇంతే: ఈ పని చేసినది తానే, చేసినది తన తండ్రి కొరకు.

కుట్టినవారి పేరు, పుచ్చుకొన్నవారి బంధుత్వం రెండూ బట్టమీదనే తెలియుట అరుదు. ప్రదర్శనశాలలలో ఉన్న కంథలలో అధికభాగం పేరులేనివి. కాని పేరు ఉన్నను లేకున్నను, ఆనాటి కంథలలో అధికభాగానికి వర్తించే విషయం ఒకటి ఉన్నది. వానిపై బొమ్మ గీసిన చేయి, కుట్టిన చేయి ఒకటే. ఎవరికి ఇవ్వవలెనో నిర్ణయించినది కూడా ఆ చేయియే. తరువాతి కాలంలో ఈ మూడు పనులు విడిపోయినవి. కంథ చరిత్రలో అసలు ముఖ్యమైన మలుపు ఇది. నమూనాల అందచందాలను గురించి వెలువడిన పుస్తకాలు దీనిని తరచు దాటిపోవును.

కంథ అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. తెలుగు నిఘంటువులు దానికి బొంత అని అర్థం చెప్పినవి. శంకరుల పేర ప్రసిద్ధమైన భజగోవిందంలో, వీధిలో దొరికిన పేలికలతో కంథ కుట్టుకొని తిరిగే యోగి ఒకడు కలడు. తెలుగు పల్లెలలో అమ్మమ్మ పాతచీరలతో కుట్టిన బొంత మీద పడుకోని పసిబిడ్డ ఒకప్పుడు ఉండెడివాడు కాడు. అయితే తెలుగునాట బొంత చాలవరకు చలికీ, పక్కకూ ఉపయోగపడే వస్తువుగానే నిలిచినది. బెంగాలులో అది చిత్రపటం అయినది.

అది తయారయ్యే తీరు చూడవలసినదే. కట్టి కట్టి మెత్తబడిన చీరలు, ధోవతులు మూడు నాలుగు తీసుకొని నేలమీద ఒకదానిపై ఒకటి పరచెదరు. ముడతలు లేకుండా చేతితో సవరించి, అంచులకు బరువులు పెట్టెదరు. అంచులు లోనికి మడిచి కుట్టి, పొరలు కదలకుండా నడుమ పొడవుగా కొన్ని కుట్లు వేసెదరు. అంతటితో తొందరపని ముగిసినది. ఇక దానిని మడిచి దాచుకొనవచ్చును. వంటపని, పొలంపని తీరినప్పుడు మరల విప్పవచ్చును. వానకాలపు మధ్యాహ్నాలు అందుకు అనువైనవి. రంగుదారం కొనరు. పాతచీర అంచు నుండి ఎరుపు, నలుపు, నీలం పోగులు లాగుకొందురు. కుట్టు అతి సామాన్యం: సూది బట్టలో మునుగుతూ తేలుతూ ముందుకు సాగును, అంతే. కాని ఆ సాదా కుట్టు బొమ్మల మధ్యనున్న ఖాళీని కూడా నింపినప్పుడు, బట్ట అంతా చిరుగాలికి చెరువునీరు వలె సన్నని అలలు తేలును. కంథకు జీవం అదియే. పెద్ద కంథ ఒకటి ముగియుటకు నెలలు, ఒక్కొకప్పుడు సంవత్సరాలు పట్టును. అవ్వ మొదలుపెట్టినది మనుమరాలు ముగించిన సందర్భాలు కూడా ఉన్నవి.

నడుమ పద్మం, నాలుగు మూలలా మామిడిపిందె ఆకృతి లేక చెట్టు: సాధారణంగా అమరిక ఇదే. మిగిలిన చోటు కుట్టే స్త్రీ ఇష్టం. రథం, పల్లకి, దువ్వెన, అద్దం, కాటుకభరిణె, చేప, ఏనుగు, చివరకు రైలుబండి కూడా అందులో ప్రవేశించినది. చలికి కప్పుకొనే మందపు కంథను లేప్ అందురు. అతిథుల కొరకు పరచేది సుజని. పుస్తకాలను చుట్టి ఉంచేది బయతన్. అద్దము, దువ్వెన చుట్టుకొనేది ఆర్శిలత. హిందూ గృహాలలోను, ముస్లిం గృహాలలోను ఒకే పద్ధతిలో, ఒకే శ్రద్ధతో ఈ పని సాగినది. 1929లో వెలువడిన జసీముద్దీన్ కావ్యం నక్షీ కాఁథార్ మాఠ్‌లో సాజు అనే పల్లెపడుచు, దూరమైన భర్తను తలచుకొంటూ తన బ్రతుకునంతా ఒక కంథపై కుట్టి, తన సమాధిపై దానిని పరచుమని కోరును. కంథ ఇచ్చిపుచ్చుకొనే వస్తువుగా ఎంత లోతుగా పాతుకొన్నదో తెలియుటకు ఆ ఒక్క కథ చాలును.

పాతబట్టనే ఎన్నుకొనుటకు పేదరికం ఒక్కటే కారణం కాదు. పసిబిడ్డ చర్మానికి కొత్తబట్ట గరుకు. అనేకసార్లు ఉతికిన చీర అంత మెత్తనిది మరొకటి లేదు. దానికి తోడు పాతబట్టకు దృష్టిదోషం తగలదనే నమ్మకం ఉన్నది. బీహారులో సుజని కుట్టే గ్రామాల స్త్రీలు చితిరియా మా అనే దేవతను చెప్పుకొందురు. పేలికలకు అధిదేవత ఆమె. చిరిగినవన్నీ కలిసి ఒక నిండు వస్తువు అగుట ఆమె అనుగ్రహమని వారి భావన.

ఇంటి కానుకగా సాగిన ఈ బొంతకు బజారు తెలియనే తెలియదా అను సందేహం కలుగవచ్చును. తెలియును. పదునారవ, పదిహేడవ శతాబ్దులలో హుగ్లీ నది ప్రాంతపు సప్తగ్రామం నుండి పోర్చుగీసు వర్తకులు కుట్టుపని చేసిన పెద్ద దుప్పట్లను ఐరోపాకు కొనిపోయినారు. నూలుబట్ట మీద పసుపుపచ్చని టస్సరు పట్టుదారంతో, ప్రధానంగా గొలుసు కుట్టుతో చేసినవి. వానిపై ఓడలు, వేటలు, బైబిలు కథలు ఉన్నవి. లిస్బన్, లండన్ నగరాల ప్రదర్శనశాలలలో అటువంటివి నేటికీ చూడవచ్చును. కుట్టినది బెంగాలు చేయి. కథ మాత్రం కొనువానిది.

తెలుగుతీరానికి కూడా ఈ వ్యాపారంలో భాగం ఉన్నది. మచిలీపట్నం పరిసరాలలో కలంతో వ్రాసి, అద్దకం చేసిన పూలబట్టలు ఐరోపాలో పరుపుదుప్పట్లుగా మారినవి. ఆ పూలను కత్తిరించి మరొక బట్టపై అతికి కుట్టుట అక్కడా, తరువాత అమెరికాలోనూ వాడుక అయినది. 1643లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పెద్దలు లండన్ నుండి సూరత్‌కు వ్రాసిన ఉత్తరం ఒకటి ఈ సందర్భంలో చెప్పుకోదగినది. వచ్చిన దుప్పట్లలో నేల ముదురు ఎరుపుగా ఉన్నదనీ, ఇకమీదట తెలుపు ఎక్కువ ఉండవలెననీ, నడుమ పూలూ కొమ్మలూ మాత్రం చిత్రకారుని ఇష్టానికి విడువవచ్చుననీ వారు కోరినారు. కొద్ది కాలానికే ఆ మినహాయింపు కూడ పోయినది. లండన్ నుండి నమూనాలే రాసాగినవి. గీసే చేయి సముద్రాలు దాటిపోయినది.

ఇంటి కంథ ఈ వ్యాపారానికి దూరంగా తన దారిన తాను సాగినది. కాని ఇరవయ్యవ శతాబ్ది నాటికి అదియూ సన్నగిలినది. మిల్లుబట్ట చౌక అయినది, కొన్న దుప్పటి ఇంటికి వచ్చినది. గురుసదయ్ దత్తు జిల్లాలు తిరుగుతూ కంథలు సేకరించినది ఆ కాలంలోనే. 1939లో స్టెల్లా క్రామ్రిష్ వానిపై వ్రాసిన వ్యాసం పండితుల దృష్టిని అటు త్రిప్పినది. శాంతినికేతన్ ప్రక్కనే 1922లో వెలసిన శ్రీనికేతన్ గ్రామీణ శిల్పాలకు చేయూతనిచ్చినది. ఆ ప్రాంతపు పల్లెలలో కంథ కుట్టు పాతచీరల పొరలను విడిచి కొత్త పట్టుచీర మీదికి ఎక్కినది. నేడు పట్టణాలలో కంథ చీర అనగానే తలపునకు వచ్చునది ఇదియే.

చీర మీది కంథ తయారగు విధానం వేరు. రూపకర్త ఒక పలుచని కాగితంపై నమూనా గీయును. గీత వెంబడి సూదితో రంధ్రాలు పొడిచి, కాగితాన్ని బట్టపై పరచి, కిరసనాయిలులో కలిపిన రంగుపొడిని గుడ్డతో అద్దెదరు. చుక్కలు బట్టపై దిగును. ఆ చుక్కల వెంట సూది నడుచును. ఒకే నమూనా పది గ్రామాలలో పదిమంది చేత కుట్టించవచ్చును. కూలి చీరకు ఇంత అని కుదుర్చుకొందురు. దీనిని కళాక్షీణత అని తేలికగా కొట్టివేయుట న్యాయం కాదు. తండ్రికి కంథ ఇచ్చిన స్త్రీకి ప్రేమ దక్కినది, పైకం దక్కలేదు. చుక్కల వెంట కుట్టిన స్త్రీ తన సంపాదనతో పిల్లవానిని బడికి పంపినది. ఈ రెండింటిలో ఏది గొప్ప అని అడుగుట, కడుపు నిండినవారి ప్రశ్న.

అయినను పోయినదేదో పోయినది. ఢాకాలో సురయ్యా రహమాన్ చేసిన కృషిని చూచినచో ఆ లాభనష్టాలు రెండూ తెలియును. ఆమె 1938లో కలకత్తాలో జన్మించినది. దేశవిభజన అనంతరం ఢాకా చేరినది. కళాశాలలో శిక్షణ పొందకయే చిత్రకారిణి అయినది. 1980ల నుండి పేద స్త్రీలచేత కుట్టించుటకు పెద్ద పెద్ద పటాలు రూపొందించినది. సంతలు, పల్లెబ్రతుకు, దొరలకాలపు విలాసాలు ఆమె గీతలలో ఒదిగినవి. పట్టుమీద అతి సన్నని కుట్లతో పూర్తయిన ఆ పటాలు గోడకు వ్రేలాడదీయదగినవి, కప్పుకొనదగినవి కావు. పలు దేశాల ప్రముఖుల ఇండ్లకు అవి చేరినవి. సూది పట్టి బ్రతుకు నిలుపుకొన్న స్త్రీలు అనేకులు. 2018లో సురయ్యా కన్నుమూసినది. ఆమె గీత అంత బలమైనది కాకున్నచో ఆ స్త్రీలకు అంత పని దొరికెడిది కాదు. గీత అంత బలమైనది అగుటవలననే, పటం చూచినవారికి గుర్తుండునది ఆమె పేరు ఒక్కటే.

ఇందుకు భిన్నమైన ప్రయత్నం బీహారులో జరిగినది. ముజఫర్‌పూర్ జిల్లాలోని భుసురా గ్రామంలో 1988లో స్త్రీలు ఒక సంఘంగా ఏర్పడి సుజని పనిని తిరిగి చేపట్టినారు. అందుకు నడుము కట్టినవారిలో ఆ ప్రాంతపు నిర్మలాదేవి ఒకరు. పాట్నాలోని అదితి సంస్థను నడిపిన విజీ శ్రీనివాసన్ వారికి అండగా నిలిచినారు. ఇక్కడ బొమ్మ చుట్టూ గీత ముదురురంగు దారంతో గొలుసు కుట్టులో వచ్చును. మిగిలిన చోటంతా బట్టరంగు దారంతోనే సాదా కుట్టు నింపుదురు. అది దూరం నుండి కనిపించదు, చేతితో తడిమినప్పుడు తెలియును.

ఏమి కుట్టవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు భుసురా స్త్రీలు నెమలి, పద్మం వద్ద ఆగలేదు. వరకట్నం, తాగివచ్చి కొట్టే భర్త, బడి మానిన ఆడపిల్ల, ఎన్నికల రోజు, ఎయిడ్స్ వ్యాధి, గర్భంలోనే ఆడశిశువును తొలగించుట, ఇవన్నీ సుజనిపైకి వచ్చినవి. పురుషుల ఎదుట నోరు విప్పి చెప్పలేని మాటలు ఇవి. అవి దుప్పటి మీద బొమ్మలై దూరదేశాలకు పోయినవి. ఆ డబ్బు తిరిగి అదే ఇంటికి వచ్చినది. ఇక్కడ కూడా పెన్సిలు పట్టి గీయగలవారు కొద్దిమందే. వారు గీసినదానిపై ఇతరులు కుట్టెదరు. కాని గీసినవారూ అదే వీధివారు, అదే బాధ ఎరిగినవారు. నమూనా లండన్ నుండి గాని, పాట్నా నుండి గాని రాలేదు.

2008లో పశ్చిమ బెంగాల్ నక్షీ కంథకు భౌగోళిక సూచిక లభించినది. బీహారు సుజనికి కూడా అది దక్కినది. ఈ గుర్తింపు ప్రాంతం పేరును కాపాడును, కుట్టిన మనిషి పేరును కాదు. 2025లో నిర్మలాదేవికి పద్మశ్రీ పురస్కారం ప్రకటింపబడుట ఆ లోటును కొంత తీర్చినది. ఆమెతో కూర్చుండి కుట్టిన స్త్రీల పేర్లు మాత్రం అమ్ముడుపోయిన దుప్పట్లపై ఎక్కడా లేవు. పేరు కుట్టుటకు మూరెడు దారం సరిపోవునని, ఆ పనికి చదువు కూడా అడ్డు కాదని, మానదాసుందరి కంథ చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అసలు గీతే అవసరం లేని బొంత కూడా ఈ దేశంలో ఉన్నది. ఆఫ్రికా నుండి శతాబ్దాల క్రిందట వచ్చి, కర్ణాటకలోని ఉత్తర కన్నడ అడవుల అంచున స్థిరపడిన సిద్దీలు దానిని కవంది అందురు. ఎల్లాపూర్, హళియాళ ప్రాంతాల స్త్రీలు పాతచీర ఒకటి పరచి, ఒక మూల నుండి మొదలుపెట్టి, రంగురంగుల పేలికలు అతుకుతూ అంచు వెంబడి తిరిగి తిరిగి నడుమకు చేరుదురు. ఏ ముక్క ఎక్కడ రావలెనో ముందుగా ఎవరూ గీసి ఇవ్వరు. మనుమలకూ, మనుమరాండ్రకూ ఇచ్చుకొనుటకే ఎక్కువగా కుట్టెదరు. ఈమధ్య కొనువారు కూడా వచ్చుచున్నారు. పని ముగిసినప్పుడు నాలుగు మూలలా మడిచిన చిన్న త్రికోణపు ముక్కలు చేర్చెదరు. వానిని ఫులా, అనగా పువ్వు, అందురు. కొన్న దానికైనా, ఇచ్చిన దానికైనా అవి ఉండవలసినదే. ఆ నాలుగు పువ్వులు లేని కవంది బట్టలు కట్టని మనిషివంటిదని సిద్దీ స్త్రీలు చెప్పుదురు.