కూలి పెంచుతామన్నా కదలలేదు



డగురాగు అనే పల్లె గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలో, కాథరిన్ పట్టణానికి దాదాపు 460 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. గురింజి ఆదివాసులు సమ్మె చేసి కట్టుకున్న ఊరది.

ఆ నేల తరతరాలుగా గురింజిలదే. 1880లలో తెల్లవాళ్లు పశువులను తోలుకొచ్చి అక్కడ వేవ్ హిల్ అనే పశుక్షేత్రం పెట్టారు. 1914లో అది వెస్టీ అనే బ్రిటిష్ మాంసం వ్యాపారుల చేతికి పోయింది. సొంత నేల మీదే గురింజిలు జీతగాళ్లయ్యారు. జీతమంటే ఎక్కువగా గోధుమపిండి, చక్కెర, చాయ్‌పత్తి, ఇంత మాంసం. దీన్ని వెట్టి అనక ఏమనాలి?

1966 మార్చిలో ఆదివాసీ కాపర్లకూ సమాన వేతనం ఇవ్వాలని వేతనాల కమిషన్ తీర్పు చెప్పింది. అమలు మాత్రం 1968 డిసెంబర్ నుంచట! ఉత్తర్వు ఒకనాడు, అమలు ఇంకెన్నడో. ఉద్యోగ మిత్రులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ ఏడాదే ఆగస్టు 23న విన్సెంట్ లింగియారి ముందు నడవగా దాదాపు 200 మంది పిల్లాజెల్లాతో పని వదిలి బయటికొచ్చారు.

అందరూ కూలి సమ్మె అనుకున్నారు. యజమానులు కూలి పెంచుతామన్నారు. వాళ్లు కదలలేదు. 1967లో వాటీ క్రీక్ ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. అదే డగురాగు. మా భూమిలో 500 చదరపు మైళ్లు మాకివ్వండని గవర్నర్ జనరల్‌కు అర్జీ పెట్టారు. రచయిత ఫ్రాంక్ హార్డీ, కార్మిక సంఘాలు తోడు నిలిచాయి. సర్కారు కాదు పొమ్మంది. అయినా వాళ్లు గుడిసెలు పీకలేదు.

1975 ఆగస్టు 16న ప్రధాని గాఫ్ విట్లమ్ వచ్చి లింగియారి చేతిలో మట్టి పోశాడు. మాకూ ఈ ఊరు మొదట ఆ ఫోటోతోనే తెలిసింది. తీసిన మెర్విన్ బిషప్ కూడా ఆదివాసే. నీడలో బొమ్మ సరిగా రాదని, ఇద్దరినీ ఎండలోకి రమ్మని మళ్లీ పోయించాడట. కానీ మట్టితో పాటు ఇచ్చిన కాగితమూ చదవాలి. అది పట్టా కాదు, దాదాపు 3,200 చదరపు కిలోమీటర్లకు కౌలు. మూడు నెలలు తిరగకముందే విట్లమ్ ప్రభుత్వాన్నే బర్తరఫ్ చేశారు.

1976లో ఆదివాసీ భూహక్కుల చట్టం వచ్చింది. పూర్తి హక్కు చేతికొచ్చింది మాత్రం 1986లో. మరో రెండేళ్లకు లింగియారి కన్నుమూశాడు. వాళ్లు వదిలి వచ్చిన వేవ్ హిల్ మీద గురింజిల సంప్రదాయ హక్కును ఫెడరల్ కోర్టు గుర్తించింది 2020లో, నడక మొదలైన 54 ఏళ్లకు. ఏటా ఆగస్టులో వాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని ఆ నడకను గుర్తు చేసుకుంటారు.