విజ్ఞాపన అంటే విజ్ఞానం కాదు
(వార్షిక సమావేశంలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఫోన్లు లోపల పెట్టమని నేను చెప్పను. నేను మాట్లాడేదే వాటి గురించి. ఆ ఫోన్ మీద చదువుతూ మాటలు ఎట్లా కూడబెట్టుకోవాలో నాకు తెలిసినంత చెప్తాను.

ముందు మా ఇంటి సంగతి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. మా బాపు పోడు భూమికి క్లెయిమ్ పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు ఒక కాగితం వచ్చింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఇంట్లో చదువు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. దీపం దగ్గర కూర్చోబెట్టి చదవమన్నాడు. తడబడకుండా గడగడా చదివాను. పక్కింటి కాక కూడా వచ్చి విన్నాడు. "పోరగాడు మంచిగ చదువుతుండు" అన్నాడు. బాపు మాత్రం, "చదివినవు సరే, ఏమన్నరు అందులో?" అని అడిగాడు.

నాకు తెలియలేదు. "తిరస్కరించడమైనది" అని ఉంది. "అభ్యంతరములున్నచో 60 దినములలోపు విజ్ఞాపన సమర్పించుకొనవచ్చును" అని ఉంది. బడిలో విజ్ఞాన శాస్త్రం చదువుతున్నాను కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాను. "ఏదో విజ్ఞానం గురించి రాసిండ్రు బాపూ" అన్నాను. బాపు కాగితాన్ని మడిచి దూలం సందులో పెట్టాడు.

విజ్ఞాపన అంటే అర్జీ. నీ క్లెయిమ్ కొట్టేశాం, ఒప్పుకోకపోతే 60 రోజుల్లో పై కమిటీకి అర్జీ పెట్టుకో అని ఆ కాగితం చెప్పింది. అది నాకు ఇంటర్ రెండో ఏడులో తెలిసింది. 60 రోజులు ఎప్పుడో దాటిపోయాయి. ఆ రెండెకరాలకు ఇప్పటికీ పట్టా లేదు. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మనలో చాలామందికి అక్షరాలు వచ్చాయి, మాటలు రాలేదు. ఇంట్లో గోండి, బజార్లో తెలుగు, మరాఠీ, పుస్తకంలో ఇంకో తెలుగు, పరీక్షలో ఇంగ్లిష్. ఆఫీసు కాగితంలో ఉండే తెలుగు ఎవరి ఇంట్లోనూ మాట్లాడరు. అది చదివితేనే వస్తుంది. మా కాలంలో బడిలో ఉన్న ఒక్క నిఘంటువు బీరువాలో ఉండేది, తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు మీ చేతిలో పదుల కొద్దీ నిఘంటువులు ఉన్నాయి. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఒక మాట కొడితే ఎన్నో నిఘంటువులు ఒకేసారి వెతికి పెడుతుంది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు కూడా అందులో ఉంది. అది తెలుగు మాటకు ఇంగ్లిష్‌లో అర్థం చెప్తుంది కాబట్టి ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.

కానీ ఒక చిక్కు ఉంది. చాలామంది అక్కడే ఆగి, "దొరకలేదు సార్" అంటారు. "అభ్యంతరములున్నచో" అని ఉన్నది ఉన్నట్టు కొడితే ఏ నిఘంటువులోనూ దొరకదు. తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ముందు విడదీయాలి. అభ్యంతరములు, ఉన్నచో. ఆ మొదటి దానిలో "లు" తీసేస్తే "అభ్యంతరము". పాత నిఘంటువుల్లో మాటలు "ము"తో ఉంటాయి, "అభ్యంతరం" అని సున్నాతో కొడితే ఒక్కోసారి దొరకదు. "తిరస్కరించడమైనది" అయితే "తిరస్కరించు" అని కొట్టాలి. ఇది విప్పపూలు ఏరినట్టు ఓపికతో చేసే పని. పది రోజులు చేస్తే చేయి తిరుగుతుంది. ఇంకో సంగతి, కొన్ని పీడీఎఫ్‌లు ఫొటోల్లాంటివి, వేలు పెట్టి నొక్కినా మాట పట్టుబడదు. గూగుల్ లెన్స్ తెరిచి కాగితం మీద పెడితే అక్షరాలను గుర్తుపడుతుంది. అప్పుడు కాపీ చేసుకోవచ్చు.

ఇంగ్లిష్‌కు ఇంత కష్టం లేదు. ప్లే బుక్స్‌లో పుస్తకం చదువుతూ మాట మీద వేలు పెట్టి పట్టుకుంటే అర్థం వస్తుంది. కిండిల్ అనే చదివే యంత్రంలో అయితే మనం అర్థం చూసిన ప్రతి మాటనూ అదే దాచిపెడుతుంది. మాటతోపాటు అది వచ్చిన వాక్యాన్ని కూడా దాస్తుంది. ఆ యంత్రం కొనమని చెప్పడం లేదు, దాని ధర నాకు తెలుసు. ఆ పద్ధతి తీసుకోండి. ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్‌లో మాటా, అది ఉన్న వాక్యమూ కలిపి రాసుకోండి. ఒంటరి మాట నిలవదు. రాసినవాటిని వారానికి ఒకసారి అర్థం మూసిపెట్టి చూసుకోండి.

మాట చూడగానే అర్థం వెతకొద్దు. ముందు వాక్యం చూసి ఏమై ఉంటుందో అనుకోండి, ఆ తర్వాత వెతకండి. మన ఊహ తప్పితే ఆ మాట ఇక మరిచిపోం. నేను విజ్ఞాపన మరిచిపోయానా? రోజుకు మూడు మాటలు చాలు. ముప్ఫై చూసినవాడికి రేపటికి మూడు కూడా మిగలవు.

పేజీ మొత్తాన్ని తెలుగులోకి మార్చే బటన్ ఉంది చూడండి, దాంతో జాగ్రత్త. తొందర పని ఉంటే వాడండి, తప్పు లేదు. కానీ దానితో పని అవుతుంది గాని మాట మాత్రం మనకు రాదు.

ఏం చదవాలి అని అడుగుతారు. మీ బతుక్కు పనికొచ్చేది చదవండి. అటవీ హక్కుల చట్టాన్నే తీసుకోండి, ఇంగ్లిష్‌లో ఫోన్‌లోనే దొరుకుతుంది. నాలుగో సెక్షన్, ఐదో సబ్ సెక్షన్ చదవండి. అందులో "ఎవిక్ట్" అనే మాట ఉంది, అంటే ఖాళీ చేయించడం. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్న భూమి నుంచి మనల్ని ఖాళీ చేయించకూడదని అక్కడ రాసి ఉంది. ఆ ఒక్క మాట తెలిసిన పిల్ల మీ గూడెంలో ఒక్కతి ఉంటే చాలా తేడా ఉంటుంది. చట్టం మరీ గట్టిగా ఉంటే స్టోరీవీవర్‌లో చిన్న కథలు ఉచితంగా ఉన్నాయి. ఒకే కథను తెలుగులో, ఇంగ్లిష్‌లో చదవొచ్చు. డిగ్రీ చదివి పిల్లల కథలేంటి అని సిగ్గుపడకండి, నేను ఇప్పటికీ చదువుతాను.

సిగ్నల్ లేని ఊళ్లు ఉన్నాయని తెలుసు. మండల కేంద్రానికి వచ్చినప్పుడు దింపుకొని పెట్టుకోండి. చదివేటప్పుడు డేటా ఆపేయండి. లేకపోతే ఒక పేజీకి ముందే రీల్స్ మొదలవుతాయి, మనందరి సంగతీ అదే.

ఇక మన భాష. గోండి వల్ల తెలుగు రాదని కొందరు సార్లు అంటారు. నేను ఒప్పుకోను. మనం నీళ్లను ఏర్ అంటాం. తెలుగులో పారే వాగు ఏరు. మన ఊరు నార్, వాళ్ల దేశం నాడు. ఇవి చుట్టాల మాటలు. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు ద్రావిడ భాషల మాటల చుట్టరికాలన్నీ ఒక నిఘంటువులో పెట్టారు. 1961లో మొదట అచ్చయింది, 1984లో రెండో కూర్పు వచ్చింది. అది చికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. తెలుగు, గోండి, కొలామి, కువి మాటలు అందులో పక్కపక్కన కూర్చుని ఉంటాయి. రోమన్ లిపిలో ఉంటుంది, మొదట్లో కళ్లు తిరుగుతాయి, తర్వాత అలవాటవుతుంది. మా అవ్వ మాట్లాడిన మాట అందులో మొదటిసారి కనబడ్డ రాత్రి నేను రెండింటి దాకా పడుకోలేదు.

నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన మన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఫాంట్ ఉంటే ఆ అక్షరాలు మీ ఫోన్‌లో కనిపిస్తాయి. కానీ ఆ లిపిలో చదవడానికి ఏం ఉండాలో అది మీరే రాయాలి. నోట్‌బుక్‌లో మూడో గడి గీయండి. తెలుగు, ఇంగ్లిష్, గోండి. గోండి మాట తెలియకపోతే నెట్‌లో వెతకొద్దు, ఇంట్లో ముసలమ్మను అడగండి. ఈ ఒక్క నిఘంటువు మాత్రం ఎల్లకాలం తెరిచి ఉండదు.

పెద్దలు టైం అయిందని సైగ చేస్తున్నారు. భోజనాలయ్యాక ఆ చింతచెట్టు కింద కూర్చుంటాను. ఫోన్, ఒక పెన్ను, మీ ఇంటికి వచ్చి అర్థం కాకుండా ఉన్న ఏదైనా ఆఫీసు కాగితం పట్టుకొని రండి. అందులోంచి మూడు మాటలతో మొదలుపెడదాం.

జై సేవా.