హోటలు సంఘముల ధర్మము

వర్తకులు సంఘముగా నేర్పడుటను మేము నిరసింపము. ఒంటరివాని మొఱ ప్రభుత్వము చెవి కెక్కదు. 1954లో మన దేశపు హోటలు యజమానుల ప్రాంతీయ సంఘములు నాలుగును సమాఖ్యగా గూడినది అందులకే. కాని ఆ బలము దేనికి వినియోగపడుచున్నది?

హోటళ్లలో సీసానీటిని ముద్రిత ధరకు మించి అమ్ముకొను హక్కును 2017లో ఆ సమాఖ్య సుప్రీముకోర్టులో గెలుచుకొనినది. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సర్వీసు ఛార్జిని నిర్బంధముగా వసూలు చేయరాదనగా, సమాఖ్య మరల కోర్టు కెక్కినది; 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది.

ఈ రుసుము సిబ్బంది మేలు కొఱకే యని యజమానులు వాదించిరి. సిబ్బందిపై అంత దయ యున్నచో జీతము పెంచి, ఆ వ్యయమును పదార్థముల వెలలోనే చూపవలెను. పూటకూళ్లమ్మ సైతము విస్తరి వేయకముందే వెల చెప్పెడిది. ఆపాటి నిజాయితీని సభ్యులకు నియమముగా విధించిన నాడే సంఘమునకు గౌరవము.